మూత తీసిన చెయ్యి

"నీ భార్య మన మనిషి కాదోయ్," అన్నాడు పెద్దాయన, కళ్ళజోడు తుడుచుకుంటూ.

ఎదురుగా కూర్చున్న ఏజెంట్ నవ్వాడు. పెద్దాయన నవ్వలేదు. ఏజెంట్ ఆ నవ్వును ఏం చేసుకోవాలో తెలియక, పాపం, కాసేపు మొహం మీదే ఉంచుకున్నాడు.

డిపార్ట్‌మెంట్‌లో అతని కోడ్‌నేమ్ తాబేలు. వెటకారానికి పెట్టిన పేరు. లిఫ్ట్ వచ్చేదాకా ఆగలేడు, టీ చల్లారేదాకా ఆగలేడు. నాలుక కాల్చుకున్నా మర్నాడు మళ్ళీ అదే పని.

పెద్దాయన బల్ల మీద ఒక ఫోటో పెట్టాడు. ఎయిర్‌పోర్ట్ లాంజ్‌లో నల్లకళ్ళద్దాలు, ఎర్రకోటు వేసుకున్న ఆడమనిషి. తలుపులోంచి వస్తే గదిలో మాటలు ఆగిపోయేంత అందం. ఆమె పక్కన ఇస్త్రీ నలగని సూటులో ఒకడు.

"పెళ్ళికొడుకు," అన్నాడు తాబేలు. ఎప్పుడు చూసినా ముస్తాబుగా ఉంటాడని ఆ విదేశీ ముఠా నాయకుడికి డిపార్ట్‌మెంట్ పెట్టిన పేరది.

"మీ ఆవిణ్ణి ఇప్పుడున్న లాబొరేటరీలో చేర్పించింది వాడే. వాడి గుట్టు మనకి చెబుతున్నట్టు నటిస్తూ, మన గుట్టు వాడికి చేరవేసింది. డబుల్ ఏజెంట్. నీతో పెళ్ళి కూడా ఆ ప్లాన్‌లో ముక్కే."

"ఇప్పుడేం కావాలట వాడికి?"

"సోలార్ సెల్."

ఆ లాబొరేటరీలో చేసే సోలార్ సెల్ మామూలుది కాదు. రంగు సిరాలా ఉంటుంది. గాజుపలక మీద పూసి ఆరబెడితే కరెంటిస్తుంది. ఆ సిరాలో రెండు పదార్థాలుంటాయి. ఎండ పడగానే ఒకదానిలో చిన్న మెరుపు పుడుతుంది. దాని ఆయుష్షెంతని, రెప్పపాటులో కోటో వంతు కూడా ఉండదు. ఆ కాస్తలోనే ఆ మెరుపు రెండో పదార్థపు గట్టు చేరుకోవాలి. చేరితే అక్కడ రెండుగా విడిపోయి, చెరో సందులోంచీ బయటి తీగల దాకా పరుగెత్తి కరెంటవుతుంది. ఆ రెండు పదార్థాలూ ముద్దలు ముద్దలుగా దూరమైతే మెరుపు దారిలోనే చచ్చిపోతుంది. మరీ కలిసిపోతే బయటికి పోయే సందే మిగలదు. వెంట్రుకను నిలువునా వేల పోగులుగా చీలిస్తే ఒక పోగెంతో, అంత సన్నపు సందులు ఒకదానిలోకొకటి అల్లుకోవాలి. నానో అల్లిక అంటారు దాన్ని.

సిరా ఎవరైనా కలుపుతారు. అల్లిక కుదిరేది ఆరబెట్టడంలో. తడి పలక మీద గాజు మూత బోర్లించి, ఆవిరిని మెల్లగా పోనివ్వాలి. నారింజ రంగు పొర ముదురు ఊదాకి తిరిగాకే మూత తీయాలి. ఆ అదను ఆమె ఒక్కదానికే పట్టుబడింది.

"రేపు హోటల్లో వాడి కళ్ళముందే పూసి చూపిస్తుంది," అన్నాడు పెద్దాయన. "దానికి తగిలించిన ఫ్యాన్ తిరిగిందా, ఆమెను విమానమెక్కించుకుపోతాడు. వాడిది డిప్లొమాటిక్ పాస్‌పోర్ట్. మనం చెయ్యి వెయ్యలేం. ఇదంతా బోగస్ అని వాడే వదిలేసి పోవాలి."

"మరి ఆవిడ?"

"ప్రాణాలతో తీసుకురా. తర్వాత సంగతి తర్వాత."

మర్నాడు హోటల్ గదిలోకి నెరిసిన విగ్గుతో, గుబురు మీసంతో ఒక వెయిటర్ టీ ట్రే పట్టుకుని వచ్చాడు. ట్రే అడుగున మైక్రోఫోన్. అందులో పంచదార అయిపోయిందని చెబితే పని అయిపోయిందని గుర్తు.

"అక్కడ పెట్టవయ్యా," అంది పెళ్ళికొడుకు ఎదురుగా కూర్చున్న ఆమె, తలెత్తకుండా.

"అలాగే అమ్మగారూ."

కిటికీ పక్క బల్ల మీద అప్పుడే పూసిన పలక. దాని మీద గాజు మూత. మూత కింద పొర ఇంకా నారింజ రంగులోనే ఉంది.

తాబేలుకి లాబొరేటరీలో మొదటిసారి ఆమెను చూసిన రోజు గుర్తొచ్చింది. ఇలాంటి మూతే, ఏముందోనని ఎత్తబోయాడు. చేతి మీద చెళ్ళున ఒక్కటిచ్చింది. "కాసేపు ఆగలేరా మీరు?" అంది. ఆ దెబ్బతోనే ప్రేమలో పడ్డాడు. అదీ ప్లానేనా?

ఫోన్ మోగింది. పెళ్ళికొడుకు అటు తిరిగాడు. ఆమె కిటికీ తెర జరపడానికి లేచింది. తాబేలు కప్పు సర్దుతున్నట్టు వంగి, గాజు మూత ఎత్తాడు. ఘాటైన ఆవిరి గుప్పున లేచింది. మళ్ళీ మూత పెట్టేశాడు.

తలెత్తేసరికి కిటికీ అద్దంలో ఆమె కళ్ళు అతన్నే చూస్తున్నాయి.

ఆమె ఒక్క మాటంటే చాలు. ఇంకో పలక పూస్తానంటే చాలు, మిషన్ మట్టికొట్టుకుపోతుంది. ఆమె తెర జరిపి, వచ్చి కూర్చుంది.

పొర ఆరింది. ఊదా రంగు రాలేదు, ఇటుకపొడిలా ఎర్రగా ఉండిపోయింది. దానర్థం ఆ గదిలో ఇద్దరికే తెలుసు. ఆమె పైన వెండిపూత పూసి, తీగలు తగిలించి, ఎండలో పెట్టింది.

మబ్బు తప్పుకుంది. బొమ్మ ఫ్యాన్ రెక్క ఒకసారి అదిరింది. కాస్త కదిలింది. పెళ్ళికొడుకు ముందుకు వంగాడు.

రెక్క ఆగిపోయింది.

"ఇంకోటి పూస్తారా?" అన్నాడు పెళ్ళికొడుకు, వచ్చీరాని భాషలో.

"పూసినా ఇంతే. ఇదంతా గాలిమేడ," అంది ఆమె.

"పర్వాలేదు మేడమ్. సైన్స్ అన్నాక ఇవన్నీ మామూలే." నవ్వుతూ ఆమె చెయ్యి అందుకుని, కాస్త గట్టిగానే నొక్కి, వెళ్ళిపోయాడు. సూటు నలగలేదు.

"పంచదార అయిపోయింది," అన్నాడు తాబేలు ట్రేతో. విగ్గు పీకేశాడు. "పద, సర్వీస్ లిఫ్ట్‌లో దిగిపోదాం."

ఆమె లేవలేదు. అరచెయ్యి తిప్పి చూపింది. మధ్యలో ఎర్రటి చుక్క. వాడి ఉంగరంలో విషపు సూది.

"డాక్టర్ని పంపండి, తొందరగా!" అని అరిచాడు ట్రేలోకి.

"ఆ సూదికి మందు లేదండీ. పనికిరాని వాళ్ళని వాడిలాగే వదిలించుకుంటాడు, నాకు తెలుసు. కూర్చోండి."

కూర్చున్నాడు. ఆమె అతని భుజం మీద తల ఆనించింది.

"మీసం అస్సలు బాగోలేదు," అంది.

"మూత తీయడం చూశావుగా. చెప్పలేదేం?"

"చెబితే ఇంకోటి పూయమంటాడు. మీరు మళ్ళీ తీస్తారు. ఎన్ని పలకలని పాడుచేస్తారు?"

"వాడితో వెళ్ళిపోదామనే వచ్చావా?"

"వచ్చాను. పొద్దుట లిఫ్ట్ దగ్గర ఎవరో వెయిటర్ బటన్ అదేపనిగా నొక్కుతున్నాడు. ఎవరా అని చూశాను." కళ్ళు మూసుకుంది. "ఒక్క నిమిషం ఆగుతారా? ఈసారైనా."

ఆగాడు. తనవాళ్ళు తలుపు తోసుకుని లోపలికొచ్చాక కూడా కదల్లేదు.

సాయంత్రం పెద్దాయన అడిగాడు. "రిపోర్ట్‌లో ఏం రాయమంటావు? చివరికి ఆమె ఎవరి మనిషి?"

"మా ఇంటి మనిషి, సార్."

పెద్దాయన కలం మూసేశాడు.

ఆ గాజు మూత ఇప్పుడు తాబేలు ఇంట్లో ఉంది. సాయంత్రం టీ పోసుకుని, కప్పు మీద అది బోర్లించి కూర్చుంటాడు. మూతకి పట్టిన ఆవిరి చుక్కలై, చుక్కలు జారిపోయి, టీ ఎప్పుడో చల్లారిపోతుంది. ఆఫీసులో మాత్రం ఇప్పుడు తాబేలని పిలిస్తే ఎవరికీ నవ్వు రావడం లేదట.