నాలుగోసారి కూడా ఫెయిల్

"ఫెయిల్," అంది చేపల షాపు అమ్మాయి.

ఆడిటర్‌గా ఎందరి లెక్కల్లోనో తప్పులు పట్టినవాడే గాని, వరసగా నాలుగు శనివారాలు తానే ఫెయిలవడం అతనికి కొత్త. ఇంట్లో బుల్లి ఉప్పునీటి అక్వేరియం పెట్టాడు. గాజు గొట్టంలో మందు చుక్కలు వేసి చేసే పరీక్షలో ఆ నీళ్ళు పాసయితే గాని చేపలు అమ్మనంటుంది ఈవిడ.

"ఏదీ, రంగు చూపించండి. పసుపైతే పాసు, ఆకుపచ్చైతే ఫెయిల్ అన్నారుగా?"

"గొట్టం కడిగేశాను సార్."

"అంత తొందరేం?"

"శుభ్రత సార్. వచ్చే వారం రండి."

ఇంట్లో అమ్మ సిద్ధంగా ఉంది. "నెల నుంచి ఉప్పునీళ్ళకి లైటేసి మరీ చూస్తున్నావు. చేపలేవని ఎవరైనా అడిగితే ఏం చెప్పనురా? స్నానానికెళ్ళాయనా?"

అతనికి అనుమానం ముదిరింది. ఐదో శనివారం ఇంటి నుంచి తెచ్చిన నీళ్ళ సీసా సంచిలోనే ఉంచి, ఆమె అటు తిరగ్గానే షాపులోని నారింజ చేపల ఉప్పునీటి తొట్టిలో ఇంకో సీసా ముంచి ఇచ్చాడు.

ఆమె చుక్కలు వేసింది. ఈసారి గొట్టాన్ని అతని ముక్కు ముందే పెట్టింది. చిక్కటి ఆకుపచ్చ.

"ఫెయిల్!"

"దొరికారు! అవి మీ తొట్టి నీళ్ళే!"

ఆమె సిగ్గుతో ఎర్రబడుతుందనుకున్నాడు. పాలిపోయింది. అతన్ని తోసుకుంటూ పరుగెత్తి తొట్టిలో మోచేతిదాకా చెయ్యిపెట్టింది. రాయి వెనక నుంచి చచ్చిన నత్త బయటికొచ్చింది, కంపుతో సహా. రెండు చేపలూ పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి. ఊరందరి నీళ్ళకీ మార్కులు వేసే షాపు, తన నీళ్ళు చూసుకుని ఎన్నాళ్ళయిందో!

"వేరే తొట్టిలో వేసెయ్ తల్లీ," అన్నాడు లోపల్నుంచి వాళ్ళ నాన్న.

"మిగతావన్నీ మంచినీళ్ళు నాన్నా! అందులో వేస్తే ఇప్పుడే పోతాయి." చేపల్ని ప్లాస్టిక్ సంచీలోకి ఎత్తి అతనివైపు తిరిగింది. "మీ ఇల్లెంత దూరం?"

"పది నిమిషాలు. ముందు నా నీళ్ళు టెస్ట్ చేయరా?" తన సంచిలోంచి సీసా తీశాడు.

"అక్కర్లేదు. పాసయ్యాయి."

"ఎప్పుడు?"

ఆమె సంచీలోని చేపల్ని చూసింది. అబద్ధానికి టైం లేదు.

"పోయిన వారం."

"మరి ఫెయిలని..."

"చేపలు కొనేశాక మీరు మళ్ళీ ఎందుకొస్తారండీ? ఇంకా నిలబడ్డారేం, ఆటో పిలవండి!"

ఆటోలో చేపల సంచీని నాలుగు చేతులు పట్టుకున్నాయి.

మెల్లగా కొత్త నీళ్ళు అలవాటు చేశాక, ముప్పావుగంటకి చేపలు కొత్త తొట్టిలో తిరుగుతుంటే, అమ్మ ఆ పిల్లని ఎగాదిగా చూసింది.

"మావాణ్ణి నాలుగుసార్లు ఫెయిల్ చేసింది నువ్వేనా?"

"మూడుసార్లు న్యాయంగానే చేశానండీ."

"నాలుగోది కూడా న్యాయమేలే. త్వరగా పాస్ చేస్తే వీడు నెత్తికెక్కుతాడు. ఇలా కూర్చో అమ్మా, మీ నాన్నగారి ఫోన్ నంబర్ చెప్పు."