తూర్పు దిబ్బ పెంకులు

“పారబోసింది మీరే మేడమ్. ఏడేండ్ల సంది మా చేతులతోనే పారబోయించిన్రు.”

తవ్వకం మేస్త్రీ సాయవ్వ రెండు గంపల కుండపెంకులు పురావస్తు శిబిరం అధికారి డాక్టర్ వేదవల్లి బల్లమీద బోర్లించింది. కాగితాలు దుమ్ము కొట్టుకుపోయాయి. పోనీ.

బడిపిల్లలు విహారానికి ఏడొందల ఏళ్ళ కిందటి వీధుల్లోకి వెళ్ళొస్తున్న కాలమది. ‘ఊరుచూపు’ యంత్రం పెంకులో ఇంకిన జిడ్డును, మట్టిలోని పుప్పొడిని చదివి, మాయమైన ఊరిని కాంతితో నిలబెడుతుంది. ఆధారం దొరకని చోట ఇప్పుడు తన చుట్టూ ఉన్న మనుషుల నడవడి చూసి పూరిస్తుంది.

దానికి ఏం తినిపించాలో మాత్రం మనుషులే తేల్చారు. అంచు లేని, గీత లేని పెంకు దండగ, దిబ్బలో పొయ్యండి అన్నారు. తూర్పున దొరికినవన్నీ అవే. అందుకే యంత్రం తూర్పును బీడుగా చూపింది. రేపు పొద్దున బస్టాండు కోసం అక్కడికి బుల్డోజర్లు వస్తున్నాయి.

యంత్రం చూపలేదంటే అక్కడ ఎవరూ లేనట్టేనంది వేదవల్లి. దాని కళ్ళకు మీరే గంతలు కట్టి, చూడలేదంటే ఎట్లా అంది సాయవ్వ. పెంకుల లోపల తెల్లటి సున్నం పొర ఉంది. తోళ్ళు నానబెట్టిన కుండలవి. సాయవ్వ నాయనమ్మ చేసిన పనే. ఆమెకు ఒకరు చెప్పాలా?

వేదవల్లి విసుగ్గానే పెంకుల్ని యంత్రంలో పోసింది. తూర్పున గుడిసెలు లేచాయి, ఒకటి, పది, నలభై. సున్నపు గుంతలు, ఆరేసిన తోళ్ళు. సాయవ్వ కళ్ళు తడిసేలోపే గుడిసెలకూ ఊరికీ మధ్య ముళ్ళకంచె లేచింది.

కంచెకు ఆధారమేంటని వేదవల్లి అడిగింది.

“మట్టిలో లేదు,” అంది యంత్రం. “ఈ శిబిరాన్ని చూసి పూరించాను. ఇక్కడ నీళ్ళ డ్రమ్ములు రెండు. తవ్వేవాళ్ళు మీ గుడారాల దగ్గరి డ్రమ్మును ఏడేళ్ళలో ఒక్కసారీ ముట్టలేదు.”

వేదవల్లి గొంతు తగ్గింది. “ఆ రూలు ఎవరూ పెట్టలేదు సాయవ్వా.”

“అవును. ఎవ్వరూ పెట్టలే. అందరూ పాటించిన్రు.”

ఎండలో దూరంగా తవ్వేవాళ్ళ డ్రమ్ము ఒంటరిగా ఉంది. సాయవ్వ అటు వేలు చూపింది.

“ముందు ఫోన్ చేసి బుల్డోజర్లు ఆపుండ్రి. ఆనక ఆ డ్రమ్ము మీ చేతులతోనే తియ్యుండ్రి మేడమ్, ఇప్పుడే. మేమంతా మీ డ్రమ్ముకాడికే వస్తం. యంత్రాన్ని మళ్ళ చూడమనుండ్రి, ఆ కంచె ఉంటదో పోతదో.”