కనీస ధార

ఏడో మంచం దగ్గర సెలైను ధార మళ్లీ తగ్గింది. నర్సు సలోమి ముసలి నూకరాజు ముంజేతి చర్మాన్ని వేళ్లతో పట్టి వదిలింది. మడత మడతగానే నిలిచిపోయింది. నాలుక ఎండి బెరడు కట్టింది, నాడి సన్నగా పరుగెడుతోంది. చూసిందంతా గోడమీద ఉండి సెలైను పంచే మరకు, ధారానేత్రానికి చెప్పింది. అది నూకరాజుకు ఇంకెన్నేళ్లు మిగిలాయో, ఆ మిగులాయువును ఇంకోసారి తూచి, కనీస ధారనే ఖాయం చేసింది.

మంచినీళ్లు కరువయ్యాక సెలైనుకూ వంతులొచ్చాయి. ఎండదెబ్బ తగిలినవాళ్ల వార్డులో ఎవరికెంత ఎక్కించాలో నర్సులు నిర్ణయించే రోజులు పోయాయి; ఎక్కువ ఆయువు మిగిలినవాళ్లకే మర ఎక్కువ పంచుతోంది. నూకరాజు ఉప్పుమడుల్లో పని చేస్తూ ఎండకు పడిపోయినవాడు. నోట్లో చుక్క పోసినా కక్కేస్తున్నాడు, పెళ్లాం పోలమ్మను కూడా పోల్చుకోవడం లేదు. ఆ మర గానీ పాడైందా అని పోలమ్మ అడిగితే, బాగానే పనిచేస్తోందని చెప్పడానికి సలోమికి సిగ్గేసింది. తెరమీద డ్యూటీ డాక్టరును బతిమాలింది. మర లెక్కలో చెయ్యి పెడితే వార్డు మొత్తం ధారలకు తాళం పడుతుందని, ఆయన ఎటో చూస్తూ చెప్పాడు.

ఎదుటి మంచం భానోజీకి కొత్త సెలైను సంచి దిగింది. సముద్రపు నీటిని మంచినీళ్లు చేసే కేంద్రంలో మెకానిక్కు; చాలా ఆయువు మిగిలినవాడు. తేరుకుని లేచి కూర్చున్నాడు. సలోమి సంచి తగిలించబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

“నాను నోటితో తాగగలను సిస్టరమ్మా. ఉప్పూ పంచదారా కలిపిచ్చీండి. అది ఆ తాతకి పెట్టీండి.”

“పెడితే అందరికీ ఆగిపోద్ది బాబూ.”

“పెట్టకపోతే ఆ తాత సాయంత్రం దాకా ఉంటాడేటి?”

సలోమి వార్డు ఈ చివరి నుంచి ఆ చివరికి చూసింది. సంచిని నూకరాజు గొట్టానికి బిగించి, పూర్తిగా తెరిచింది.

ధారానేత్రం తాళం వేసింది; అన్ని మంచాల దగ్గరా చుక్క ఆగింది. రోగుల తాలూకు మనుషులను పిలిచి, గొట్టాలను మర నుంచి తప్పించి, సంచులను ఎత్తి పట్టుకోమంది. చుక్క ఏ వేగంతో పడాలో మంచం పట్టీమీద వేలితో తట్టి చూపిస్తూ ఒక్కో మంచమే దాటుకుంటూ పోయింది. చివరి మంచం చేపల అప్పలనరసమ్మది. సలోమి చేరేసరికే నాడి లేదు. గుండెమీద ఎంత నొక్కినా తిరిగి రాలేదు.

“మా అమ్మకి నీరెందుకాగిందమ్మా?” అంది కూతురు గౌరీసు.

“నేను చేసిన పని వల్లే ఆగింది తల్లీ.”

గౌరీసు తల్లి మంచం పక్కన కూలబడింది.

పొద్దు వాలుతుండగా నూకరాజుకు మూత్రం వచ్చింది. కళ్లు తెరిచి, పోలమ్మను పేరు పెట్టి పిలిచాడు. తెరమీద డాక్టరు ఒకటే చెబుతున్నాడు: గొట్టాలన్నీ తిరిగి మరకు తగిలించి చేతులు తీసేస్తే ధారానేత్రం తాళం తీస్తుందట. ఎవరూ చెయ్యి దించలేదు. సంచి ఎత్తి పట్టుకున్న పోలమ్మకు భుజం లాగేస్తోంది. గౌరీసు తల్లి ముఖం మీద దుప్పటి కప్పి, లేచి వచ్చి, పోలమ్మ చేతిలోని సంచిని అందుకుని పైకెత్తింది.