తడి చాల్లేదు

కాలవలో పడ్డ కుక్కపిల్ల పొద్దున్నుంచి నాలుగోసారి చచ్చింది.

ఎదురుగా స్టూలు మీద కూర్చున్న కుర్రాడు ఆ కథ ముగించి కళ్లు తుడుచుకునేదాకా పేర్రాజు పళ్లు బిగబట్టి ఆగాడు. గోడ మీద గుండెకాటా ముల్లు పన్నెండు దగ్గర బద్ధకంగా ఊగుతోంది. కావలసింది అరవై.

"తడి చాల్లేదు బాబూ. ఇంతకీ ఆ కుక్క పేరేంటి?"

"పేరు... కోచింగులో చెప్పలేదండి."

పేర్రాజు బల్లకింద మీట నొక్కాడు. తలుపు తెరుచుకుంది. కుర్రాడు కుక్కపిల్లతో సహా వెళ్లిపోయాడు.

ఉద్యోగానికి పెట్టుకునే పొడిజాబితాలు యంత్రాలే రాసిపెట్టడం మొదలయ్యాక తణుకులో అందరి చదువూ, అనుభవమూ ఒక్కలాగే మెరిసిపోతున్నాయి. ఇక చీరల కొట్లవాళ్లు పొడి చూడ్డం మానేసి తడి తూచడం పట్టారు. జాబితాలో లేని సొంత సంగతి ఒకటి చెప్పాలి. అది నిజంగా సొంతమైతే స్టూల్లోని తీగ పట్టేసి ముల్లుకి చేరవేస్తుంది. అడిగేవాడు మాత్రం తన సంగతి ఒక్కటీ ఎత్తకూడదు. ఎత్తితే, సాయంత్రం రికార్డు వినే పై ఆఫీసు తెల్లారేసరికి కుర్చీ లాగేస్తుంది. పేర్రాజు కుర్చీ ఏడేళ్లుగా భద్రంగానే ఉంది. అరిగిపోయినవి చెవులు.

తర్వాత వచ్చినావిడ పేరు మంగతాయారు. యాభై దాటిన మనిషి. స్టూలు మీద కూర్చుంటూనే అడిగింది.

"భోంచేశారా అండీ?"

జవాబు చెప్పబోయిన పేర్రాజు రూలు గుర్తొచ్చి ఆగాడు. "అడగాల్సింది నేనండి. జాబితాలో లేని సంగతి ఒకటి చెప్పండి."

"చెప్పనండి."

"చెప్పకపోతే ఎలాగండి? ముల్లు చూడండి, సున్నా మీద పడుకుంది."

"పడుకోనివ్వండి. నా సంగతి చెప్తే అందులో మా ఆయన సంగతుంటది, మా చెల్లి సంగతుంటది. ఆళ్లనడక్కుండా నేనెలా చెప్తానండి? మనిషిని చూసి నప్పే చీర అరలోంచి దింపమంటే దింపుతాను. ఊళ్లో కొట్లన్నిట్లోనూ ఇదే చెప్పాను. ఇంక మిగిలింది మీదొక్కటే. ఇదీ పోతే మళ్లీ రొయ్యల షెడ్డేనండి. ఐసులో వేళ్లు మొద్దుబారిపోయి..."

ముల్లు ఇరవై దాటింది.

"అదిగో, లేచింది. ఇంకొంచెం చెప్పండి."

ఆవిడ ముల్లు వంక చూసి, చేతులు కొంగులో దాచేసుకుంది. "అంతేనండి."

"వేళ్ల గురించే చెప్పమ్మా తల్లీ. అవి మీ వేళ్లే కదా, ఇంకెవర్నీ అడగక్కర్లేదు కదా."

"మీరేం తిన్నట్టు లేరండి. మొహం పీక్కుపోయింది."

పేర్రాజు చెయ్యి బల్లకింద మీట మీదికి పోయింది. అక్కడే ఆగింది.

"లేవండి," అన్నాడు.

ఆవిడ సంచీ సర్దుకుని లేచింది.

"అటు కాదు. ఇలా వచ్చి నా కుర్చీలో కూర్చోండి."

"ఎందుకండీ?"

"కూర్చోండి బాబూ, మీతో వేగలేను."

ఆవిడ కుర్చీ అంచున కూర్చుంది. పేర్రాజు వెళ్లి స్టూలు మీద కూలబడ్డాడు. "ఇందాక అడిగారే, అది మళ్లీ అడగండి."

"భోంచేశారా?"

"లేదండి. క్యారేజీ అలాగే ఉంది. నిన్న అన్నాలు తింటుంటే మా ఆవిడ వాళ్లక్కతో గొడవ గురించి ఏదో చెప్తోంది. వింటూనే ఉన్నానండి. నా చెయ్యి మాత్రం బల్లకింద మీట కోసం వెతుకుతోంది. అది తను చూసింది. చెప్పడం ఆపేసింది. పొద్దున్న క్యారేజీ చేతికిచ్చేటప్పుడు కూడా నోరు విప్పలేదు."

ముల్లు అరవై దాటి, చివర కొట్టుకుని ఆగింది.

"మంగతాయారు గారు, ఎంపిక," అంది గుండెకాటా. దానికి తెలిసింది స్టూలే గానీ, మీద కూర్చున్న మనిషి కాదు. పై ఆఫీసుకి మాత్రం గొంతులు తెలుసు.

"మీ ఉద్యోగం ఏమవుద్దండీ?" అంటూ ఆవిడ లేవబోయింది.

"అది సాయంత్రం సంగతి. ముందు నన్ను తిననివ్వండి." క్యారేజీ తీసుకుని గోడవారగా చతికిలబడ్డాడు.

బయటి నుంచి తలుపు తోసుకుని ఒక అమ్మాయి వచ్చింది. స్టూలు మీద కూర్చుని కళ్లు మూసుకుంది. "మేడమ్, మా చిన్నప్పుడు కాలవలో ఒక కుక్కపిల్ల..."

"అయ్యో పాపం. అది సరేగానీ, ఏ ఊరు తల్లీ నీది? ఏవన్నా తిని వచ్చావా?" అంది కుర్చీలోంచి మంగతాయారు.

అమ్మాయి కళ్లు తెరిచింది. ఈ ప్రశ్న కోచింగులో లేదు.

"లేదండి," అంది చిన్నగా.

ముల్లు కదిలింది. బల్లకింద మీట మీద ఎవరి చెయ్యీ లేదు.