వాంక్‌పురాలో పడని రాయి

"కల్లు పులిసిందా, గుల్‌బాయ్?"

"నిన్ననే పులిసింది. లోపలికి రా."

కోడ్ సరిపోయింది. కల్లు దుకాణం నడిపే పార్సీ వితంతువు గుల్‌బాయ్ తలుపు మూసింది. పట్టుచీర, అత్తరు, దొరల విందుల్లో గలగలా నవ్వు. ఆమె తమ ఏజెంటేనని దొరల నమ్మకం.

"రేపు మధ్యాహ్నం జప్తు అధికారి మీద రాయి పడుతుంది. వేసేది దొరల మనిషి. మీ ఖద్దరులోనే ఉంటాడు. రాయి పడగానే ఇరవై తుపాకులు పేలతాయి. అదీ ప్లాన్."

"పేరు?"

"తెలిస్తే చెప్పనా? అవునూ, అబద్ధమాడనని ఒట్టేసుకున్నదానివి, ఈ గాజులమ్ముకునే వేషమేమిటే?"

మంఛాబెన్ నవ్వలేదు. పెంచిన శిస్తు కట్టేది లేదని ఎదురు తిరిగిన రైతులకు వేగు ఆమె. రోజూ రణఛోడ్‌జీ కృష్ణుడి ముందు దీపం పెట్టి ఆ ప్రశ్నే అడిగేది. ఆయన ఇంకా జవాబివ్వలేదు.

మర్నాడు వాంక్‌పురాలో డప్పు మోగింది. క్షణాల్లో ఊరు మాయమైంది. జప్తుకు గేదెలు దొరక్కుండా ప్రతి గుమ్మానికీ బయట తాళం. లోపల చీకట్లో గేదెలు, వాటి పక్కన మనుషులు. మూడు నెలలుగా ఇంతే. ఎండ తగలక గేదెల నల్లటి ఒళ్ళు కూడా పాలిపోయింది. తాళాల వెనక బరువైన ఊపిరులు వింటూ మంఛాబెన్ నడిచింది. చనిపోయినవాళ్ళ ఊళ్ళో గాజులమ్ముతున్నట్టుంది.

సాక్ష్యానికి నలుగురు ఖద్దరువాళ్ళు దొడ్డిదారిన వచ్చి వీధి చివర నిలబడ్డారు. జప్తు మోటారు వచ్చింది, వెనక పోలీసులు.

నలుగురిలో ఎవడు?

ముగ్గురు చీకటిళ్ళ నుంచి వచ్చి ఎండను ఓర్చుకోలేక కళ్ళు చికిలిస్తున్నారు. కళ్ళవెంట నీళ్ళు. నాలుగోవాడికి మాత్రం ఏ ఇబ్బందీ లేదు. సూటిగా మోటారునే చూస్తున్నాడు. వాడి చెయ్యి లేచింది.

మంఛాబెన్ ఒక్క ఉరుకున వెళ్ళి ఆ పిడికిలిని రెండు చేతులా పట్టుకుని తన నుదుటికి ఆనించుకుంది.

"ముందు నన్ను కొట్టు, భాయ్."

పిడికిలి వదులైంది. రాయి జారి దుమ్ములో పడింది. అధికారి రెండు తాళాలు గుంజి, తిట్టి, మోటారెక్కాడు. తుపాకులు పేలకుండానే తిరిగి వెళ్ళాయి.

పని చెడగొట్టినవాణ్ణి దొరలు వదలరు. వాడికి పోయే చోటు లేక, ఆ ముగ్గురి వెంటే మంఛాబెన్ ఇంట్లోకొచ్చాడు. జొన్నరొట్టె, మజ్జిగ పెట్టారు.

"ఆ ఊపిరి ఎవరిది?" చీకట్లో అడిగాడు.

"గేదెది."

"ఆ ఏడుపు?"

"మా అత్తది. నిన్న మా పొలం వేలం వేశారు."

వాడు మజ్జిగ ముంత పక్కన పెట్టాడు.

"నన్ను కొట్టరా?"

"కొట్టకూడదని ఒట్టుంది, భాయ్. ఇంకో రొట్టె వెయ్యనా?"

"వద్దు బెన్, నాలుగు తన్ని పంపెయ్యండి, మీకు పుణ్యముంటుంది!"