కత్తి పిడిలో పలకపొడి

1958 ఏప్రిల్ 16, బుధవారం. మధ్యాహ్నం ఒంటిగంట ఇరవై నిమిషాలు.

నక్కలకుంట ట్రావెలర్స్ బంగళాలో పోయినవి ముప్ఫై ఆరు వెండి సామాన్లు. చెంచాలు పన్నెండు, ఫోర్కులు పన్నెండు, చాకులు పన్నెండు. పెట్టె పోలేదు. తాళం పగల్లేదు. పెట్టెలో ఇప్పుడు ముప్ఫై ఆరు స్టెయిన్‌లెస్ స్టీలు సామాన్లున్నాయి.

దొంగ కూడా దొరికాడు. బంగళా వాచ్‌మన్ దాసయ్య. నల్లమల అంచున ఉన్న గూడెం మనిషి. మంగళవారం నేరం ఒప్పుకుని వేలిముద్ర వేశాడు. నాలుగూ పది బస్సులో అతణ్ణి మార్కాపురం కోర్టుకు పంపాలి.

ఇంత నున్నగా ఉన్న కేసు చూస్తే సర్కిల్ ఇన్‌స్పెక్టర్ కృపాకర్‌కు అన్నం సహించదు. అందుకే స్వయంగా జీపేసుకుని వచ్చాడు. వస్తూ వస్తూ మార్కాపురంలో స్టీలు సామాన్ల దుకాణం మస్తానయ్యను కూడా ఎక్కించుకున్నాడు.

గేటు దగ్గర ఒక ఆడమనిషి జీపుకు అడ్డం పడింది. దాసయ్య భార్య అంకాలమ్మ. రెండు రోజులుగా పచ్చి మంచినీళ్లు కూడా ముట్టినట్టు లేదు.

“నా మొగుడు తియ్యలేదయ్యా. ఆ బస్సు ఎక్కినాడంటే ఇంక తిరిగి రాడు. అడివిలో పుట్టినోడు సామీ, నాలుగు గోడల మధ్య బతకడు.”

“తనే ఒప్పుకున్నాడు గదమ్మా?”

“ఎందుకు ఒప్పుకున్నాడో తెలీదు. కటకటాల కాడ నిలబడి అడిగినా. మొకం తిప్పుకున్నాడు.”

కృపాకర్ గడియారం చూసుకున్నాడు. టైము తక్కువగా ఉంది. ఆమెను లోపలికి రమ్మన్నాడు.

హాల్లో ఓవర్సియర్ ప్రకాశరావు లేచి నిలబడ్డాడు. తెనాలి వైపు మనిషి. ఐదేళ్లుగా ఈ బంగళా అతని చేతిలోనే ఉంది. ఇప్పుడు బదిలీ అయింది. సోమవారం చార్జి తీసుకోవడానికి వచ్చిన కొత్త ఓవర్సియర్ కంసాలిని వెంట తెచ్చాడు. కంసాలి గీటురాయి మీద చెంచా గీసి, ఇది వెండి కాదని తేల్చాడు. గొడవంతా అక్కడ మొదలైంది.

“వెండి సామాన్లు మీరు చివరిసారి చూసింది ఎప్పుడు?”

“ఆదివారం సాయంత్రం ఆరు గంటలకు. చార్జి లిస్టు రాస్తూ నేనే లెక్కపెట్టాను. సంతకం కూడా పెట్టాను.”

“వెండివేనా?”

“అనుమానమే లేదు. ఐదేళ్లుగా చూస్తున్నాను.”

“తరవాత?”

“ఆ రాత్రి ఒక ఆఫీసరు భోజనం చేశాడు. ఎనిమిదిన్నరకు దాసయ్య పెట్టెతో సహా సామాన్లన్నీ పెరట్లోకి తోమడానికి తీసుకెళ్లాడు. తొమ్మిదింబావుకు పెట్టె తెచ్చి ఇచ్చాడు. నేను తాళం వేశాను.”

“తెరిచి చూశారా?”

“నమ్మాను. అదే నా తప్పు.”

మాట తడబడలేదు. నిమిషాలతో సహా అప్పజెప్పాడు. కృపాకర్ పెట్టెను మస్తానయ్య ముందుకు తోశాడు.

మస్తానయ్య చెంచా తిప్పి వెనక ముద్ర చూశాడు. జేబులోంచి అయస్కాంతం తీసి చెంచాకు ఆనించాడు. అంటుకోలేదు. చాకు బ్లేడుకు ఆనించాడు. టక్కున పట్టుకుంది.

“పాత సీమ సరుకు సార్. ఇంగ్లండులో షెఫీల్డుది. యుద్ధం ముందరిది. వాళ్లు చెంచాకు ఒక రకం స్టీలు, పదును నిలవాలని బ్లేడుకు ఇంకో రకం వాడినారు. మద్రాసులో పాత సామాన్ల బజార్లో దొరుకుతాయి.”

“వెల?”

“మొత్తం సెట్టు యాభై రూపాయలు. అదే వెండిదైతే ఎనిమిది వందల పైమాటే.”

“చూశారుగా. యాభైతో కొని ఎనిమిది వందలు కొట్టేశాడు,” అన్నాడు ప్రకాశరావు.

మస్తానయ్య ఇంకో చెంచా తీసుకుని వెలుతురుకు పట్టాడు. “అరిగిపోయినాయి సార్. ముద్రలో సగం అక్షరాలు లేవు. దేంతోనో గట్టిగా తోమినారు.”

రెండూ నలభై అయింది. కృపాకర్ గుమ్మం వైపు తిరిగాడు.

“అంకాలమ్మా, ఇక్కడ గిన్నెలు తోమేది ఎవరు?”

“నేనే అయ్యా. ఉద్యోగం ఆయనది, తోముడు నాది.”

“దేంతో తోముతావు?”

“పలకపొడి. మా అన్న మార్కాపురంలో పలకలు కోసే కాడ పని చేస్తాడు. కోసేటప్పుడు రాలే పొడి సంచి నింపి పంపిస్తాడు.”

“ఈ చెంచాలు ఎప్పుడైనా చూశావా?”

ఆమె వాటి వైపు చూసింది. ఏం అడుగుతున్నాడో ముందు అర్థం కాలేదు.

“ఇయ్యేగా నేను తోమేది.”

“ఎన్నాళ్ల నుంచి?”

“ఓవర్సియర్ అయ్య వచ్చినాక రెండో ఎండాకాలం నుంచి. అంతకు ముందరివి కోడిగుడ్డు తగిలితే నల్లబడేటియి. ఇయి నల్లబడవు. కొత్తయి తెచ్చినారనుకున్నా.”

“అబద్ధం. మొగుణ్ణి కాపాడుకోవడానికి ఏదైనా చెబుతుంది,” అన్నాడు ప్రకాశరావు.

“చెబుతుంది. అందుకే ఆమె మాట పక్కన పెడదాం.”

కృపాకర్ ఒక చాకు తీసుకున్నాడు. పిడీ బ్లేడూ కలిసే చోట వెంట్రుకంత సందు. గుండుసూది మొనతో అక్కడ గీరాడు. తెల్ల కాగితం మీద బూడిదరంగు పెళ్ల రాలింది. రాయిలా గట్టిగా ఉంది. రెండో చాకు గీరాడు. మూడోది. పన్నెండింట్లోనూ అదే.

మస్తానయ్య పెళ్లను వేళ్ల మధ్య నలిపి చూశాడు. “మద్రాసులో బూడిదతో తోముతారు, ఇటికపొడితో తోముతారు. ఇది మన మార్కాపురం పలకే.”

“ఇలా గట్టిపడాలంటే ఎన్ని తోముళ్లు కావాలి?”

“పొర మీద పొర పట్టాల సార్. ఏండ్లు.”

కృపాకర్ గొంతు పెంచలేదు.

“ప్రకాశరావు గారూ, ఈ స్టీలును ఏళ్లుగా ఈ పెరట్లోనే తోముతున్నారు. మరి ఆదివారం ఆరింటికి మీరు లెక్కపెట్టిన వెండి ఏది? దాసయ్య ఎప్పుడో మార్చాడని చెప్పి ఉంటే మిమ్మల్ని పట్టుకోవడం నాకు కష్టమయ్యేది. నిమిషాలతో సహా మీరే చెప్పి సంతకం పెట్టారు. తాళంచెవి ఐదేళ్లుగా మీ దగ్గరే ఉంది. గిన్నెలు దేంతో తోముతారో మాత్రం మీరు ఏనాడూ పెరట్లోకి వెళ్లి చూడలేదు.”

ప్రకాశరావు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. “బెజవాడలో అమ్మాను. పేకాటలో పోయింది,” అన్నాడు.

మూడూ యాభైకి అంకాలమ్మను వెంటబెట్టుకుని వెళ్లి, స్టేషన్‌లో కటకటాల తలుపు తెరిపించాడు. దాసయ్య గోడకు ఆనుకుని కూర్చున్నాడు. కృపాకర్ ఒంగి సంగతంతా చెప్పాడు. నువ్వు దొంగవు కాదు, ఇంటికి పో అన్నాడు. దాసయ్య లేవలేదు.

“ఎందుకు ఒప్పుకున్నావు దాసయ్యా?”

“తోమేది నీ పెండ్లాం గదా, నువ్వు కాదంటే ఆమెను తెస్తాం అని ఈ టేషన్ పోలీసులు అన్నారయ్యా. ఆడమనిషిని ఈడ పెడతారని బయపడినా.”

అంకాలమ్మ నోట్లో కొంగు కుక్కుకుంది. తనను కాపాడాలని చేశాడా అని ఆమెకు ఏడుపు ఆగలేదు.

“ఆ కాగితం చించేస్తాను,” అన్నాడు కృపాకర్.

“కాగితం చించుతారు. నిన్న గూడెం పెద్దల ముందర నిలబెట్టి, తీసినానని నా నోటితోనే చెప్పిచ్చినారు. దొంగను మావోళ్లు గడప తొక్కనియ్యరు, నిప్పు గూడా ఇయ్యరు. వాళ్లు విన్నది ఎట్ల చించుతారయ్యా?”

బయట నాలుగూ పది బస్సు హారన్ కొట్టి, కాసేపు ఆగి వెళ్లిపోయింది.

అంకాలమ్మ కళ్లు తుడుచుకుంది. మొగుడి జబ్బ పట్టుకుని లేపింది.

“లే, పోదాం. ఒక్కో గుడిసె ముందరా నిలబడి నేను చెప్తా. నమ్మినోళ్లు నమ్ముతారు. లేకుంటే ఇద్దరం బయటే ఉందాం.”

జీపులో దింపుతానన్నాడు కృపాకర్. పోలీసు జీపులో దిగితే ఎవరూ నమ్మరని చెప్పి, ఆమె అతణ్ణి నడిపించుకుంటూ ఎండలోకి వెళ్లింది.