తొంభై తొమ్మిది పాయింటు రెండు

"మళ్ళీ తొంభై తొమ్మిది పాయింటు రెండు! ఈ ఒంటితో ఏ ఊరు వెళ్తావే తల్లీ? నేను వెళ్ళనివ్వను!" అంటూ తల్లి గుమ్మానికి అడ్డంగా నిలబడిపోయింది.

కూతురు సర్దుకున్న పెట్టె మీదే కూలబడింది. పక్క ఊళ్ళో కళ్ళద్దాల షాపులో ఉద్యోగం! ఇప్పటికే రెండుసార్లు గడువు అడిగింది. రేపు ఉదయం చేరకపోతే ఆ కుర్చీ ఇంకొకరిది! మూడు వారాలుగా ఇదే గది, ఇదే మంచం, సాయంత్రం ఐదయ్యేసరికి నాలుక కింద ఆ గాజుపుల్ల...

"నాకు ఊపిరాడటం లేదమ్మా! జ్వరం వల్ల కాదు... నీ వల్ల!"

ఆ మాట తల్లి గుండెలో ములుకులా దిగింది. అయినా కదల్లేదు.

"మీ అమ్మ చేతిలో పడితే థర్మామీటరుకే జ్వరం వస్తుంది," అంటూ తండ్రి ఎదురింటి నర్సమ్మను వెంటబెట్టుకొచ్చాడు.

నర్సమ్మ అన్నీ అడిగింది. దగ్గు లేదు, నీరసం లేదు, బరువూ తగ్గలేదు.

"పొద్దున ఎంత ఉంటోంది వదినా?"

"పొద్దున చూడలేదు... అప్పుడు బాగానే ఉంటుందిగా!"

నర్సమ్మ థర్మామీటరు సబ్బుతో కడిగి తండ్రి నోట్లో పెట్టింది. తొంభై తొమ్మిది. మళ్ళీ కడిగి తల్లికి పెట్టింది. తొంభై తొమ్మిది పాయింటు మూడు!

"అయ్యో, అయితే నాకూనా...?"

"ఏమీ లేదు వదినా! ఒళ్ళు పొద్దున కాస్త చల్లగా, సాయంత్రానికి కాస్త వెచ్చగా ఉండటం అందరికీ మామూలే. నూరు దాటితే అప్పుడు ఆలోచిద్దాం."

"వాడికీ నూరు మీద కాస్తేగా!" తల్లి బావురుమంది. "పద్ధెనిమిది రోజుల పసికందు... 'కొంచెం వెచ్చనేగా, పడుకోబెట్టు' అన్నారు. పడుకోబెట్టాను... నా చిట్టితండ్రి మళ్ళీ లేవలేదు!"

ఆ మాట అన్నది తానేనని తండ్రికి గుర్తుంది. తలెత్తలేదు.

నర్సమ్మ గొంతు తగ్గించింది. "మూడు నెలల్లోపు పిల్లలకి ఆ కాస్తే చాలా ఎక్కువ వదినా. వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి. అది మీకెవరూ చెప్పలేదు. కానీ దీనికి ఇరవై రెండేళ్ళు!"

"నేను అన్నయ్యను కాదమ్మా..." కూతురు తల్లి భుజం మీద తలవాల్చింది.

భయం ఎక్కడికీ పోలేదు. పోదని తల్లికి తెలుసు. ఆ భయపు గదిలో ఇక తానొక్కతే ఉండాలి, కూతుర్ని బంధించకూడదు... మెల్లగా గుమ్మంలోంచి పక్కకు జరిగింది.

"బస్సు ఎన్నింటికే?"

"ఆరున్నరకమ్మా."

"నాన్నతో వెళ్ళు. నేను బస్టాండు దాకా రాను... వస్తే ఎక్కనివ్వను!"